ఆరోగ్య బీమా: బిల్లు కట్టేదెవరు?

జుమా నమాజు ముగిశాక మసీదు గుమ్మం దగ్గర ఎవరి ఆపరేషన్ కోసమో చందా పోగుచేయటం మన పేటల్లో కొత్త కాదు. 2007 ఏప్రిల్‌లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం మూడు జిల్లాల్లో మొదలుపెట్టిన ఆరోగ్యశ్రీ ఆ ఏడాది చివర్లో ఉభయ గోదావరి జిల్లాలకు వచ్చింది. తెల్లకార్డు చూపిస్తే కార్పొరేట్ ఆసుపత్రిలో గుండె ఆపరేషన్ జరుగుతుందంటే మొదట్లో చాలామంది నమ్మలేదు.

తర్వాత ప్రభుత్వం మారినప్పుడల్లా పథకం పేరూ మారింది. పేర్ల గొడవ రోగికెందుకు? 2020 జనవరిలో పశ్చిమ గోదావరిని ప్రయోగాత్మక జిల్లాగా ఎంచుకుని, ఏలూరులో 2,059 చికిత్సలతో పథకాన్ని విస్తరించారు. 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాది పరిమితి 25 లక్షల రూపాయలైంది. పరిమితి పెంచటం తేలికే, ఆసుపత్రికి సకాలంలో సొమ్ము చెల్లించటమే కష్టం. సుమారు 2,700 కోట్ల బకాయిలు రావాలంటూ 2025 అక్టోబరులో ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపాయి. చర్చల తర్వాత గానీ విరమించలేదు. ఆ రోజుల్లో 25 లక్షల కార్డు ఉన్నవాడూ లేనివాడూ ఒకటే అయ్యారు.

అంతకు నెల ముందే, సెప్టెంబరులో, రాష్ట్ర మంత్రివర్గం కొత్త విధానాన్ని ఆమోదించింది. దాని ప్రకారం రెండున్నర లక్షల వరకు బీమా కంపెనీ, ఆపైన 25 లక్షల దాకా ఎన్.టి.ఆర్. వైద్య సేవ ట్రస్టు భరించాలి. ఆరు గంటల్లో చికిత్సకు అనుమతి ఇస్తామన్నారు. బీమా అనగానే మనలో కొందరికి షరీఅత్ పరమైన సందేహం కలగటం సహజం. ఇక్కడ ప్రీమియం కట్టేది ప్రభుత్వం. ఆ చర్చ ఉలమాలకు వదిలేద్దాం.

నా సందేహం వేరు. 2007లోనూ స్టార్ హెల్త్ అనే బీమా కంపెనీతోనే మొదలుపెట్టారు. 2008 జూలైలో రెండో దశ నుంచి ట్రస్టే నేరుగా చెల్లించటం ప్రారంభించింది. వదిలిన దారికి ఇప్పుడు మళ్లీ వస్తున్నాం. ట్రస్టు బకాయి పడితే నిలదీయటానికి ప్రభుత్వం ఉంది. మరి కంపెనీ అనుమతి నిరాకరిస్తే కోనసీమ లంకలోని కూలీ ఎవరి తలుపు తట్టాలి? వైద్యం మధ్యలో ఖర్చు రెండున్నర లక్షలు దాటితే కంపెనీకీ ట్రస్టుకీ మధ్య ఫైలు ఎన్నాళ్లు నలుగుతుంది? ప్రభుత్వం ప్రీమియం ఆలస్యం చేస్తే పాత కథే గదా! ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రకు నిర్ణయించే అధికారం లేదు. జిల్లాలోనే ఫిర్యాదు విని, రోగి మంచం మీద ఉండగానే తీర్పు చెప్పే ఏర్పాటు కావాలి.

మన ఇళ్లకు ఇంకో చిక్కుంది. ‘షేక్’ అన్న మాట ఆధార్‌లో పేరుకు ముందు, రేషన్ కార్డులో పేరు చివర ఉంటుంది. ఒకచోట బేగం, మరోచోట బీబీ. అలాంటి తేడాలుంటే సచివాలయంలో ఇప్పుడే సరిచేయించుకోండి. అత్యవసరంగా ఆసుపత్రికి వెళ్లిననాడు అంత వ్యవధి ఉండదు.