మూత తీస్తే... మీ ముఖమే!

కరీంనగర్‌ దగ్గర ఓ పల్లె. మధ్యాహ్నం పన్నెండున్నర. బ్యాంకు అప్పు కోసం ఓ ఇంటి విలువ కట్టడానికి వచ్చిన ఇంజినీరు బైకు సీటు మీద కొత్త ల్యాప్‌టాప్‌ పెట్టి తెరిచాడు. కొలతలు అక్కడికక్కడే ఎక్కించేస్తే రాత్రికి పనుండదని ఆశ. మూత తీయగానే తెర మీద కనిపించింది... కొలతల పట్టిక కాదు, ఆయన ముఖమే! వెలుగు పెంచే మీట ఎన్నిసార్లు నొక్కినా అంతే. ఇంటాయన గొడుగు తెచ్చి పట్టాడు. లాభం లేకపోయింది. చివరికి ఆ ఇంటి పిల్లాడి నోటు పుస్తకంలోంచి ఓ కాగితం చింపించుకుని, దాని మీద రాసుకుని వచ్చాడు.

ఆ ల్యాప్‌టాప్‌ ఖరీదు 82 వేలు. పన్నెండు వాయిదాలు. దుకాణంలో కుర్రాడు చెప్పినవాటిలో ఒక్కటీ అబద్ధం లేదు. ప్రాసెసర్‌ వేగమైనదే. గ్రాఫిక్స్‌ కార్డు ఉంది. మీటలు రంగురంగులుగా వెలుగుతాయి. కాకపోతే బరువు 2.3 కిలోలు, ఛార్జర్‌ ఇంకో అరకిలో. ఫలితం? పగలంతా కాగితాల మీద రాయడం, రాత్రి పదింటి దాకా వాటిని ఎక్కించడం. నాన్న ల్యాప్‌టాప్‌ మూసేసరికి పిల్లలు నిద్రపోయి ఉంటారు.

ఇలాంటివాళ్లు ఒకరా ఇద్దరా! ఆడిటర్లు, బీమా సర్వేయర్లు, ఇంటీరియర్‌ డిజైనర్లు, మందుల కంపెనీల ప్రతినిధులు... ఆఫీసులో కన్నా బయటే ఎక్కువ గంటలు గడిపేవాళ్లు మన ఇళ్లలో చాలామందే ఉన్నారు. ఆఫీసులో బల్ల ఉంటుంది, ఏసీ ఉంటుంది, గోడకు ప్లగ్గు ఉంటుంది. బయట ఇవేవీ ఉండవు. పెట్టె మీద పెద్దక్షరాల్లో రాసినవి ఎక్కువగా బల్ల మీద పనికొచ్చేవే. బయట పనికొచ్చే సంగతులు చిన్నక్షరాల్లో ఉంటాయి. కొన్నిసార్లు అవీ ఉండవు. అడగాల్సిందే.

మొదట అడగాల్సింది తెర గురించి. అది ఎంత వెలుగిస్తుందో చెప్పే కొలత ‘నిట్స్‌’. తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో ఇది 250 దగ్గర ఉంటుంది. గదిలో హాయిగా సరిపోతుంది. కిటికీ పక్కన, కారులో, వరండాలో పనిచేయాలంటే 400 ఉంటే మేలు. నిగనిగలాడే తెర కన్నా ‘మ్యాట్‌’ తెర నయం. వెలుతురు తిరిగి కళ్లలో కొట్టదు. అలాగని నడి ఎండలో చక్కగా కనిపిస్తుందని ఆశపడకండి. అందుకోసం వెయ్యి నిట్స్‌ ఇచ్చే మొండిఘటాలు వేరే ఉన్నాయి. పానాసోనిక్‌ ‘టఫ్‌బుక్‌’ల పేరుతో 1996 నుంచీ అలాంటివి చేస్తోంది. ధర, బరువు రెండూ ఎక్కువే. మామూలు ఉద్యోగికి అవి దండగ. 400 నిట్స్‌ తెర కొనుక్కుని, చెట్టు నీడ వెతుక్కోవడమే తెలివైన పని.

‘మిలిటరీ గ్రేడ్‌’ అని రాసి ఉంటే పొంగిపోవాల్సిన పని కూడా లేదు. అమెరికా సైన్యం వాడే ‘మిల్‌-ఎస్‌టీడీ-810’ అనే ప్రమాణంలో బోలెడు పరీక్షలుంటాయి. వాటిలో ఏవి చేయించాలో కంపెనీయే ఎంచుకోవచ్చు. దుమ్ముకా, కుదుపులకా, కింద పడటానికా... దేనికి పరీక్షించారో చూడాలి.

బరువు సంగతికొస్తే, ఇప్పటివాళ్లు ఎంతో అదృష్టవంతులు. మోసుకెళ్లే కంప్యూటర్‌ అంటూ మార్కెట్లో బాగా అమ్ముడుపోయిన మొదటిది ‘ఆస్‌బోర్న్‌-1’. 1981లో వచ్చింది. బరువు దాదాపు 11 కిలోలు! తెర అయిదంగుళాలు. బ్యాటరీ లేనే లేదు. అంటే మోసుకెళ్లాక ప్లగ్గు వెతుక్కోవాలన్నమాట. దాన్ని తయారుచేసిన ఆడమ్‌ ఆస్‌బోర్న్‌ బాల్యం గడిచింది మన పక్కనే, అరుణాచలంలో. రమణ మహర్షి గురించి పుస్తకాలు రాసిన ఆర్థర్‌ ఆస్‌బోర్న్‌ ఆయన తండ్రే.

ఇప్పుడు 14 అంగుళాల తెర ఉన్న మంచి ల్యాప్‌టాప్‌ కిలోన్నర లోపే దొరుకుతోంది. చేతిలోకి తీసుకుని చూస్తే అరకిలో తేడా పెద్దగా తెలియదు. సంచిలో పెట్టుకుని బస్‌స్టాండులో గంట నిలబడితే తెలుస్తుంది. బరువు అడిగేటప్పుడు ఛార్జర్‌తో కలిపి అడగండి. చాలామంది మరచిపోయేది అదే.

ఇక బ్యాటరీ. ‘15 గంటలు’ అని ప్రకటనల్లో చూస్తుంటాం. అది తెర వెలుగు తగ్గించి వీడియో ఆడిస్తే వచ్చే లెక్క కావచ్చు. వెలుగు పెంచి, ఫోను హాట్‌స్పాట్‌ పెట్టుకుని, మధ్యలో ఓ వీడియో కాల్‌ మాట్లాడితే అందులో సగం వచ్చినా గొప్పే. గంటల మాట పక్కనపెట్టి ‘వాట్‌-అవర్స్‌’ ఎన్నో అడగండి. 40 కన్నా 55, 60 ఉన్నది నయం. ప్రాసెసర్‌ తక్కువ కరెంటు తినే రకమైతే ఇంకా మంచిది. ఆటల కోసం చేసిన ల్యాప్‌టాప్‌లు వెనకబడేది ఇక్కడే.

టైప్‌-సి తో ఛార్జ్‌ అయ్యేది తీసుకుంటే సగం తిప్పలు తప్పుతాయి. 65 వాట్ల చిన్న ఛార్జర్‌ ఒకటుంటే ఫోనుకూ అదే, ల్యాప్‌టాప్‌కూ అదే. అంత శక్తి ఇవ్వగల పవర్‌బ్యాంకు కూడా ఆదుకుంటుంది. విమానం ఎక్కేవాళ్లు మాత్రం అది 100 వాట్‌-అవర్స్‌ లోపు ఉండేలా చూసుకోవాలి. అంటే సుమారు 27 వేల ఎంఏహెచ్‌. అదీ చేతి సంచిలోనే ఉండాలి, లగేజీలో వేయకూడదు. రైలు ప్రయాణాల్లో ప్లగ్గు ఉంది కదాని ధీమాగా ఉండకూడదు. అది పనిచేస్తుందో లేదో ఎక్కాక గానీ తెలియదు.

మన దగ్గర ఇంకో శత్రువు ఉంది... ఎండ. ల్యాప్‌టాప్‌లు 35 డిగ్రీల వరకూ వాడుకునేలా చేసినవని కొన్ని కంపెనీలే రాస్తాయి. మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో అద్దాలు ఎత్తిన కారులో వదిలేస్తే? లిథియం బ్యాటరీ ఆయుష్షు హరించుకుపోతుంది. భోజనానికి దిగినప్పుడు సంచి కూడా దింపుకోవడం ఖర్చులేని పని.

మీటలు లోతుగా, విడివిడిగా ఉండాలి. మెమొరీ 16 జీబీ ఉండాలి. పల్చటి ల్యాప్‌టాప్‌లలో దాన్ని బోర్డుకే అతికించేస్తున్నారు, తర్వాత పెంచుకోలేరు. జిరాక్స్‌ షాపుల్లో ఇంకా పెన్‌డ్రైవే నడుస్తోంది కాబట్టి పాత రకం యూఎస్‌బీ రంధ్రం ఒక్కటైనా ఉండాలి.

వీటన్నిటికన్నా ముఖ్యమైంది ఒకటుంది. దుకాణంలో ఎవరూ చెప్పరు. బస్సులో సంచి పోయిందనుకోండి. పోయింది 82 వేలేనా? ఆ ఇంజినీరు ల్యాప్‌టాప్‌లో ఎంతమంది ఇళ్ల దస్తావేజులు, ఆధార్‌ ప్రతులు ఉంటాయో! పాస్‌వర్డు ఉందిగా అనుకుంటారు చాలామంది. డిస్కు ఊడదీసి ఇంకో కంప్యూటర్‌కు తగిలిస్తే ఆ పాస్‌వర్డు అడ్డే కాదు. డిస్కులోని సమాచారాన్నే తాళం వేసి ఉంచే ‘ఎన్‌క్రిప్షన్‌’ కావాలి. విండోస్‌ ప్రో లో ఉండే ‘బిట్‌లాకర్‌’ ఆ పనే చేస్తుంది. హోమ్‌లో ‘డివైస్‌ ఎన్‌క్రిప్షన్‌’ ఉందో లేదో సెట్టింగ్స్‌లో చూసుకోవాలి. దాని రికవరీ కీ వేరేచోట రాసిపెట్టుకోకపోతే దొంగతోపాటు మీరూ బయటే! ఇతరుల సమాచారం భద్రంగా ఉంచకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయొచ్చని 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో రాశారు. ఆ లెక్క సంస్థలకు. నమ్మి కాగితాలిచ్చినవాళ్ల ముందు తలెత్తుకోవడం మాత్రం మన లెక్క.

అంత డబ్బు పెట్టలేమంటే? పెద్ద కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి వదిలేసిన బిజినెస్‌ ల్యాప్‌టాప్‌లు బాగుచేసి అమ్ముతుంటారు. దృఢంగా ఉంటాయి, మీటలు బాగుంటాయి. అయితే విండోస్‌ 10కి కంపెనీ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. కాబట్టి విండోస్‌ 11 నడిచేదే కొనాలి. ఇంటెల్‌ అయితే ఎనిమిదో తరం, ఆ పైన. కొన్నాక కొత్త బ్యాటరీకి కొంత తీసిపెట్టుకోవాలి.

మన ఇంజినీరు చివరికి అదే చేశాడు. రంగుల మీటల ల్యాప్‌టాప్‌ను ఇంజినీరింగ్‌ చదివే మేనల్లుడికి సగం ధరకు ఇచ్చేశాడు. మిగిలిన వాయిదాలు ఇంకా కడుతూనే ఉన్నాడు. ఈసారి దుకాణానికి తన సంచి, అందులో టిఫిన్‌ డబ్బాతో సహా తీసుకెళ్లాడు. 14 అంగుళాలది అందులో పట్టిందో లేదో చూసుకున్నాడు. తర్వాత దాన్ని ఓసారి బయట మెట్ల మీదకు తెమ్మన్నాడు. ‘ఎందుకు సార్‌, లోపల లైట్లున్నాయిగా’ అన్నాడు కుర్రాడు.