కొత్త తెరల మీద మన పిల్లల భాష

జూన్ రెండో వారంలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బడులు తెరుచుకున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన 'నాడు-నేడు', తెలంగాణలో 2022లో ఆరంభమైన 'మన ఊరు - మన బడి' కార్యక్రమాల పుణ్యమా అని చాలా ప్రభుత్వ పాఠశాలల గోడలకు రంగులు పడ్డాయి, బల్లలు వచ్చాయి, కొన్నిచోట్ల నల్లబల్ల పక్కన డిజిటల్ తెరలు కూడా వెలిశాయి. పాఠ్యపుస్తకాల్లో పాఠం పక్కనే క్యూఆర్ కోడ్ ఉంటోంది. దాన్ని ఫోనుతో స్కాన్ చేస్తే కేంద్ర ప్రభుత్వం 2017 సెప్టెంబర్ 5న ప్రారంభించిన 'దీక్షా' వేదికలోని వీడియోలు, అభ్యాసాలు తెరుచుకుంటాయి. ఇవన్నీ మంచి పరిణామాలే. పేదల పిల్లలు చదివే బడికి కొత్త సామగ్రి వస్తున్నదంటే దాన్ని శంకించవలసిన పని లేదు. అయితే ఆ తెర మా పిల్లవాడితో ఏ భాషలో మాట్లాడుతున్నది అని అడిగే హక్కు మనకుంది. ఆ ప్రశ్న మన సభల్లోనూ, మన వినతిపత్రాల్లోనూ ఇప్పటివరకూ తగినంతగా వినిపించలేదన్నది మా అభిప్రాయం.

ఇది మనం దయగా కోరుకునే సౌకర్యం కాదు. భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన అందేలా తగిన వసతులు కల్పించేందుకు ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా ప్రయత్నించాలని 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350-ఎ అధికరణం చెబుతున్నది. సాధ్యమైనంత వరకు బోధనా మాధ్యమం పిల్లల మాతృభాషే కావాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ చెబుతున్నది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2022లో రాష్ట్రవ్యాప్తంగా ఉర్దూను రెండో అధికార భాషగా గుర్తించాయి. బోధన అంటే పుస్తకం, నల్లబల్ల మాత్రమే అయిన రోజుల్లో ఈ హామీలు పుస్తకానికీ, పంతులుకూ వర్తించాయి. ఇప్పుడు బోధనలో తెర కూడా భాగమైనప్పుడు అవి తెరకూ వర్తించాలి కదా!

అసలు ఒకటి రెండు తరగతుల గదిలో ఏం జరుగుతున్నదో చూడనిదే ఈ చర్చ గాలిలో మేడ కట్టడమే అవుతుంది. లెక్కలనే తీసుకుందాం. తెలుగు పిల్లవాడు 'ఇరవై నాలుగు' అని పలికినప్పుడు ముందు పదుల స్థానం, తరువాత ఒకట్ల స్థానం వినిపిస్తాయి. పలికిన వరుసలోనే రాస్తాడు. ఉర్దూ పిల్లవాడు 'చౌబీస్' అంటాడు. అక్కడ నాలుగు ముందు వినిపిస్తుంది, ఇరవై వెనుక. విన్నది విన్నట్టు రాస్తే 42 అవుతుంది. పైగా వాడు అక్షరాలను కుడి నుంచి ఎడమకూ, అంకెలను ఎడమ నుంచి కుడికీ రాయాలి. ఇక 'ఉన్తీస్' అన్న మాటలో తొమ్మిది జాడే లేదు. ముప్పైకి ఒకటి తక్కువ అని దాని అర్థం. 'ఉన్తాలీస్' అంటే నలభైకి ఒకటి తక్కువ. 'ఉన్నాసీ' ఎనభైకి ఒకటి తక్కువ. అయితే 89కీ 99కీ వచ్చేసరికి ఈ సూత్రం నిలవదు, 'నవాసీ', 'నినానవే' అయిపోతాయి. (ఇందులోని చమత్కారం పిల్లలకు చెబితే వాళ్లే ఎక్కువ ఆనందిస్తారు.) ఇంతటి చిక్కును ఆరేళ్ల పసివాడు దాటలేకపోతే అది వాడి మందబుద్ధి కాదు. కానీ మన బడుల్లో ఎందరో పిల్లలకు 'లెక్కలు రావు' అన్న ముద్ర సరిగ్గా ఇక్కడే పడుతున్నది.

దీనికి మందు ఏ ఖరీదైన యంత్రంలోనూ లేదు. చీపురు పుల్లలను పదేసి చొప్పున కట్టలు కట్టించండి. మూడు కట్టలు పిల్లవాడి ముందుంచి, ఒక కట్ట విప్పి, అందులోంచి ఒక పుల్ల తీసేయమనండి. మిగిలినదాన్ని లెక్కపెట్టమనండి. రెండు కట్టలు, తొమ్మిది పుల్లలు. అదే 'ఉన్తీస్' అని అప్పుడు చెప్పండి. నోటితో కంఠస్థం చేసిన మాటకు వాడి చేతిలో అర్థం దొరుకుతుంది. 24, 42 తారుమారయ్యే పిల్లవాడి చేత నాలుగు పుల్లలు విడిగా, రెండు కట్టలు విడిగా పెట్టించి, రాసేటప్పుడు కట్టలకు ముందు చోటు ఇప్పించండి. వారం రోజులు రోజుకు పావుగంట ఈ ఆట ఆడితే ఆ తరువాత ఏ వీడియో చూపించినా ఉపయోగం ఉంటుంది. ముందు వీడియో చూపించి ఊరుకుంటే మాత్రం వాడు బొమ్మలు చూస్తాడు, అంతే. మన హైదరాబాద్‌లో పుట్టిన డాక్టర్ జాకిర్ హుస్సేన్ 1937లో వార్ధా విద్యా పథకానికి రూపమిచ్చిన సంఘానికి అధ్యక్షత వహించారు. చేతిపనిని చదువుకు కేంద్రం చేయాలన్నది ఆ పథకం సారం. రాష్ట్రపతిగా ఆయన్ను స్మరించే మనం ఉపాధ్యాయుడిగా ఆయన్ను దాదాపు మరిచిపోయాం. పిల్లల కోసం ఉర్దూలో 'అబ్బూ ఖాన్ కీ బక్రీ' వంటి కథ రాయడాన్ని చిన్న పనిగా భావించని విద్వాంసుడాయన.

అక్షరాల సంగతి కూడా ఇలాంటిదే. ఉర్దూలో బే, పే, తే, నూన్, యే అన్న అక్షరాలు విడిగా ఉన్నప్పుడు కొన్నింటి రూపాలు వేరువేరుగానే కనిపిస్తాయి. మాటలో కలిసినప్పుడు మాత్రం అన్నీ ఒకే చిన్న పన్నులాగా మారిపోతాయి. నుక్తాలను బట్టే పోల్చుకోవాలి. కింద ఒకటైతే బే, కింద మూడైతే పే, పైన రెండైతే తే, పైన ఒకటైతే నూన్, కింద రెండైతే యే. ఒక అట్టముక్క మీద ఆ పన్ను ఆకారం గీసి, పిల్లల చేతికి గుప్పెడు మినుములు ఇచ్చి నుక్తాలు పెట్టమని చెప్పి చూడండి. మినుము గింజ జరిగితే మాటే మారిపోతుందని వాళ్లు ఒక్క పూటలో గ్రహిస్తారు. ఇంత తేలికైన పనిని తెర కష్టం చేస్తున్నది. మన పాఠ్యపుస్తకాలు నస్తాలీఖ్ లిపిలో ఉంటాయి. చాలా ఫోన్లు, వెబ్‌సైట్లు అదే మాటను నస్ఖ్ లిపిలో చూపిస్తాయి. పెద్దలకు ఈ తేడా లెక్కలోకి రాదు. అక్షరాలను అప్పుడే కూడబలుక్కుంటున్న పసివాడికి మాత్రం అది పరాయి లిపిలాగా కనిపిస్తుంది. నోటో నస్తాలీఖ్ వంటి ఖతులు ఉచితంగానే దొరుకుతున్నాయి గనుక ఇది సాంకేతిక సమస్య కానే కాదు. ఉర్దూ పిల్లవాడు ఒకడున్నాడని తయారీదారుకు గుర్తు లేకపోవడమే సమస్య.

మరొక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. మన పిల్లలందరి ఇంటి భాషా పుస్తకాల ఉర్దూ కాదు. హైదరాబాద్ పాతబస్తీలోనూ, కర్నూలు, కడప మొహల్లాల్లోనూ పిల్లవాడు 'నక్కో', 'హౌ' అంటూ దక్కనీ మాట్లాడుకుంటూ బడికి వస్తాడు. ఆ మాటను తప్పని సరిదిద్దడంతో ఉపాధ్యాయుడు పాఠం మొదలుపెడితే వాడు మొదటి వారంలోనే నోరు కట్టేసుకుంటాడు. దూదేకుల, నూర్‌బాషా కుటుంబాల పిల్లలకైతే తెలుగే తల్లిభాష. ఇక దక్కనీ మాట్లాడే పిల్లల్లో ఎందరో తెలుగు, ఇంగ్లీషు మాధ్యమాల్లో ఉన్నారు. వారి ఇంటి భాష తరగతి గదిలో ఎవరికీ పట్టదు. గోడకు ఒక పెద్ద కాగితం అంటించి, ఒకే వస్తువుకు ఇంట్లో అనే మాట, తెలుగు మాట, ఇంగ్లీషు మాట పక్కపక్కన రాయిస్తే చాలు, ఆ పిల్లవాడి ఇల్లు కూడా బడిలోకి వచ్చినట్టే. ఆ మాటలను తోటి తెలుగు పిల్లలూ నేర్చుకుంటారు. దీనికి ఏ జీవో అవసరం లేదు.

అలాగని ఆన్‌లైన్ సాధనాలన్నీ వ్యర్థమని మేము అనడం లేదు. ఉన్నవాటిలో మంచివాటిని మన ఉపాధ్యాయులు వెంటనే అందుకోవాలి. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ప్రారంభించిన 'స్టోరీవీవర్'లో తెలుగు, ఉర్దూ సహా అనేక భాషల్లో పిల్లల బొమ్మల కథలున్నాయి. వాటిని ఉచితంగా దించుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు, మన భాషలోకి మనమే అనువదించి అక్కడే ఉంచవచ్చు. ఈ చివరి మాటను ఉర్దూ, తెలుగు రెండూ వచ్చిన మన కళాశాల యువతీయువకులు ప్రత్యేకంగా గమనించాలి. వారానికి ఒక కథ అనువదించినా ఏడాదికి ఒక చిన్న గ్రంథాలయం తయారవుతుంది. ఒక తెలుగు కథ ఉర్దూలోకి, ఒక దక్కనీ కథ తెలుగులోకి వెళ్తే ఎంత బాగుంటుంది! గూగుల్ తయారు చేసిన 'రీడ్ అలాంగ్' యాప్‌లో పిల్లవాడు పైకి చదువుతుంటే యాప్ విని, తడబడిన చోట అందిస్తుంది. అందులోనూ తెలుగు, ఉర్దూ ఉన్నాయి. కథలను ఒకసారి దించుకుంటే ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తుంది. చదవడం రాని తల్లిదండ్రులున్న ఇంట్లో ఇది చిన్న సహాయం కాదు.

కాకపోతే ఫోను ఎవరి దగ్గర ఉంటుందో మరువరాదు. ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోనూ ఆటో నడిపే తండ్రి జేబులోనో, దుకాణంలో పనిచేసే అన్న చేతిలోనో ఉంటుంది. సాయంత్రం నాలుగింటికి ఉపాధ్యాయుడు వాట్సాప్‌లో పంపిన ఇంటిపని రాత్రి పదింటికి ఇంటికి చేరుతుంది. అప్పటికి పిల్ల నిద్రపోతుంది. అన్నాచెల్లెళ్లిద్దరూ చదివే ఇంట్లో ఫోను ముందు ఎవరి చేతికి వెళ్తుందో మన తల్లులకు మేము చెప్పనక్కరలేదు. 2020లో బడులు మూతపడి పాఠాలు టీవీలకు, ఫోన్లకు మారినప్పుడు ఆడపిల్లల చదువు ఎంత చితికిందో కళ్లారా చూశాం. అందుచేత ఇంటిపనికి ఫోను తప్పనిసరి చేయవద్దని, తెర మీది పాఠం బడి వేళల్లోనే ముగించాలని ఉపాధ్యాయులకు మా విన్నపం.

పిల్లల వివరాల రక్షణ గురించీ తల్లిదండ్రులు మేలుకోవాలి. పిల్లల విద్యా యాప్‌లు అవసరానికి మించి సమాచారం సేకరిస్తున్నాయని 2022లో హ్యూమన్ రైట్స్ వాచ్ ప్రపంచవ్యాప్త పరిశీలన చేసి చెప్పింది. అందులో దీక్షా ప్రస్తావన కూడా ఉంది. పద్దెనిమిదేళ్లలోపు వారి సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి అని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అంటున్నది. మతం, కులం, చిరునామా నింపాల్సిన ప్రతి యాప్‌నూ 'ఎందుకు?' అని అడగడం మన సమాజానికి అలవాటు కావాలి. ఆ జాగ్రత్త మనకు ఎందుకు అవసరమో విడమరచి చెప్పనక్కరలేదు.

అన్నింటికన్నా బరువైన విషయం ఒకటుంది. కట్టలు కట్టించడానికైనా, కథ వినిపించడానికైనా, తెర ముట్టించడానికైనా గదిలో ఒక మనిషి ఉండాలి. ఉర్దూ మాధ్యమ ఉపాధ్యాయ నియామకాల్లో రోస్టర్ ప్రకారం రిజర్వు అయిన పోస్టులు ఉర్దూ చదువుకున్న అభ్యర్థులు ఆయా వర్గాల్లో దొరకక మిగిలిపోతున్నాయి. డీఎస్సీ తరువాత డీఎస్సీ వస్తున్నా ఆ ఖాళీలు అలాగే ఉంటున్నాయి. మేము రిజర్వేషన్లకు వ్యతిరేకులం కాము. దళిత, గిరిజన సోదరుల హక్కును తగ్గించి మన పిల్లలకు పంతుళ్లను ఇమ్మని అడగడం అన్యాయమే అవుతుంది. ఆ వర్గాలకు అదే సంఖ్యలో పోస్టులు ఇతర మాధ్యమాల్లో భర్తీ చేసి, ఉర్దూ పోస్టులను డీరిజర్వ్ చేయవచ్చు. ఇది కొత్త ఆలోచన కాదు. ఉర్దూ ఉపాధ్యాయులు ఎన్నో ఏళ్లుగా డీరిజర్వేషన్ కోసం మొర పెట్టుకుంటున్నారు. 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలని విద్యాహక్కు చట్టం నిర్దేశించింది. అయిదు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టుకుని ఒక్కరే నడిపే చోట, హాజరుకొక ఫొటో, భోజనానికొక ఫొటో పంపడంలోనే పొద్దు గడిచే చోట, డిజిటల్ విద్య అన్న మాట ఆ ఉపాధ్యాయురాలికి వెక్కిరింతలాగా వినిపిస్తుంది. ఆమె పట్ల మనకున్న గౌరవం ఆమె పోస్టు పక్కన రెండో పోస్టు కోసం పోరాడటంలో కనిపించాలి.

మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి బిడ్డా చదవడం, రాయడం, లెక్కించడం నేర్వాలని 2021 జులైలో మొదలైన 'నిపుణ్ భారత్' కార్యక్రమం 2026-27ను గడువుగా పెట్టుకున్నది. ఆ లెక్క తీసే వేళ ఉర్దూ బడుల పిల్లలు వెనుకబడ్డారని ఒక పట్టిక వేసి చేతులు దులుపుకోవడం సులభం. ఆ పట్టిక రాకముందే మన దగ్గర మన పట్టిక ఉండాలి. విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది స్త్రీలు కావాలి. మీ బడి కమిటీలో ఉన్న తల్లులు ఒక ఆదివారం కూర్చుని, ఇంటి పిల్లల ఉర్దూ మాధ్యమ పాఠ్యపుస్తకాలు తెరిచి, ఒక్కొక్క క్యూఆర్ కోడ్‌నూ స్కాన్ చేయండి. ఏ పాఠానికి ఏం తెరుచుకున్నది, అది ఏ భాషలో ఉన్నది, లిపి పుస్తకంలో ఉన్నట్టే ఉన్నదా, ఏమీ తెరుచుకోనివి ఎన్ని అన్నది ఒక తెల్లకాగితం మీద రాసి, బడి పేరు, మండలం పేరు, సంతకాలు చేర్చండి. ఒక ప్రతి మండల విద్యాధికారికి, ఒకటి రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ మండలికి ఇచ్చి రసీదు తీసుకోండి. నెల రోజుల్లో జవాబు రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అదే ప్రశ్నను మళ్లీ వేయండి. మూడో ప్రతి మా కార్యాలయానికి పంపండి. అందిన జాబితాలను మండలాల వారీగా రాబోయే సంచికల్లో ప్రచురిస్తాం.