పాత బండిని ఎవరి చేతికివ్వాలి?

మిరప కల్లాలు ముగిసి, పత్తి ఆఖరి తీతలు అయిపోయి, చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజుల్లో మన వైపు రైతుకు రెండు పనులు గుర్తుకొస్తాయి. ఒకటి పిల్ల పెళ్లి. రెండోది పశువుల కొట్టం పక్కన తాటాకు కప్పి వదిలేసిన పాత బండి. పెళ్లికి సంబంధం చూసేటప్పుడు ఏడు తరాలు విచారిస్తాం. బండిని షెడ్డుకు ఇచ్చేటప్పుడు మాత్రం గేటు మీది బోర్డు చూసి ఇచ్చేస్తాం. ఈ రెండో పనిలో మోసపోయినవాడిగా నాలుగు మాటలు రాస్తున్నాను.

పట్నాల్లో పాత కార్ల మోజు కొత్తది కాదు. ఢిల్లీలో స్టేట్స్‌మన్ పత్రిక వారు పాత కార్ల ఊరేగింపును 1964లోనే మొదలుపెట్టారు. ఇంగ్లండులో 1961లో వచ్చిన జాగ్వార్ ఇ టైపు వంటి స్పోర్ట్సు కార్లను ఇప్పటికీ లక్షలు పోసి బాగు చేయించుకునేవారున్నారు. అది మనకు సంబంధం లేని సంగతి అనిపించవచ్చు. వినుకొండ, ఈపూరు, బొల్లాపల్లి, నూజెండ్ల వైపు స్పోర్ట్సు కార్లు ఎక్కడివి? నిజమే, మనకున్నవి విల్లీస్ జీపులు, అంబాసిడర్లు, బుల్లెట్లు, మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్లు. అయినా బండి ఏదైనా చిక్కు ఒకటే. తయారీ ఆగిపోయిన బండి, దొరకని సామాను, ఓనరుకు తెలియని పని. ఈ మూడూ కలిసిన చోట నమ్మకం ఒక్కటే పెట్టుబడి.

మా జీపు కథ

బొంబాయిలో మహీంద్రా వారు 1940ల చివర విల్లీస్ జీపుల తయారీకి దిగారు. వర్షాకాలంలో మన నల్లరేగడి దారుల్లో నాలుగు చక్రాలకూ గేరు వేసుకుని బురద దాటగలిగిన బండి ఆ రోజుల్లో అదొక్కటే. మా నాన్నగారు ఇంకొకరి దగ్గర కొన్న పెట్రోలు జీపు 1967లో మొదటిసారి రిజిస్టరైనది. పురుగుమందు డబ్బాలు, మిరపనారు, పురిటి నొప్పులతో ఉన్న ఆడవాళ్లు, ఎన్నికల పెట్టెలు అన్నీ అది మోసింది. తర్వాత రోజుల్లో చాలామంది పెట్రోలు ఖర్చు భరించలేక జీపులకు డీజిలు ఇంజన్లు వేయించారు. మా నాన్నగారు వేయించలేదు. “పుట్టిన ఇంజనుతోనే పోనివ్వండిరా” అనేవారు.

ఆయనకు ఎనభై దాటాక, 2018లో, ఆ జీపును మళ్లీ నడిపించి చూపిద్దామని నాకు ఆశ పుట్టింది. ఒక పట్నంలోని పేరున్న షెడ్డుకు తీసుకెళ్లాను. గేటు దగ్గర తళతళలాడే మూడు బండ్లు నిలబెట్టి ఉన్నాయి. అవి చూసి కళ్లు చెదిరాయి. మూడు నెలలన్నారు. 80 వేలు అడ్వాన్సు ఇచ్చాను. తెల్ల కాగితం మీద “ముట్టినది” అని రాసి సంతకం చేసిచ్చారు. ఏ పని, ఎంత సామాను, ఎప్పటికి అన్నది అందులో ఒక్క ముక్క లేదు.

బండి తిరిగి రావడానికి రెండేళ్లు పట్టింది. ఈలోగా “క్రాంకు లేత్‌లో ఉంది”, “పిస్టన్లు రావాలి”, “పెయింటరు ఊరెళ్లాడు” అంటూ ప్రతిసారీ కొంత పట్టుకుపోయారు. చివరికి వచ్చిన జీపు పెళ్లికొడుకులా ఉంది. మొదటి వానకు రంగు పొంగింది. గోరుతో గీకితే లోపల వేలెడు మందాన లప్పం. బండిని ఆర్టీఓ కార్యాలయానికి తీసుకెళితే అసలు సంగతి బయటపడింది. ఇంజను మీది నంబరుకూ, ఆర్‌సీలోని నంబరుకూ పొంతన లేదు. మా ఇంజను తీసి, ఇంకేదో బండి ఇంజను బిగించారు. అడిగితే, “పాతది పగిలింది, పాతసామానుకు వేశాం, ఇది ఇంకా మంచిది” అన్నారు. పగిలిన ఇంజనును నేను చూడలేదు. మా నాన్నగారు జీపు చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్టు ఎత్తి చూసి, మాట్లాడకుండా లోపలికి వెళ్లి పడుకున్నారు.

ఆ తర్వాతి ఏడాది, 2021 జులైలో, కేంద్ర ప్రభుత్వం పాత వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను నాటినుంచి 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజను అసలు రూపంలో ఉన్న సొంత బండ్లకు, మోటారు సైకిళ్లకు ‘వింటేజి’ రిజిస్ట్రేషను ఇస్తారు. కొత్తగా చేయించుకుంటే రుసుము 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది. మా జీపుకు ఏళ్లు సరిపోయాయి. ఇంజను లేదు. ఆ షెడ్డువారు పాత ఇనుముగా లెక్కగట్టిందే ఆ బండికి అసలు విలువ.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఆ వింటేజి నంబరుతో బండిని రోజూ చేనికి, సంతకు తిప్పకూడదు. ప్రదర్శనలకు, ఊరేగింపులకు, మరమ్మతుకు, పెట్రోలుకు మాత్రమే రోడ్డెక్కించాలి. పనికి వాడుకునే బండి అయితే మామూలు రిజిస్ట్రేషనే ఉంచుకోవాలి. ఆ సొంత బండ్లకు 15 ఏళ్ల తర్వాత ప్రతి అయిదేళ్లకూ రెన్యువలు ఉంటుంది. ఈ రెండింటిలో ఏది కావాలో షెడ్డుకు వెళ్లకముందే ఇంట్లో తేల్చుకోవాలి. దాన్నిబట్టే ఏ పని చేయించాలో, ఏది ముట్టుకోకూడదో తేలుతుంది.

షెడ్డును చూడటం ఎలా?

దెబ్బతిన్నాక మన పట్టణంలోనే, రేకుల పంచ కింద పనిచేసే ఒక వృద్ధ మేస్త్రీని కలిశాను. “సాహెబు గారూ, మంచి షెడ్డును ఎలా గుర్తుపట్టాలి?” అని అడిగాను. ఆయన నవ్వి, “మీరు గేటు దగ్గర బండ్లు చూశారు. వెనక విప్పిన బండ్లు చూడాల్సింది” అన్నారు. ఆ మాటే ఈ వ్యాసానికి మూలం. తక్కినవి ఆయన చెప్పినవీ, నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నవీను.

మొదటిది, పూర్తయిన బండిని కాదు, సగంలో ఉన్న బండిని చూడండి. విప్పిన బోల్టులు ఒక్కో డబ్బాలో వేసి చీటీ కట్టారా, నేలమీద కుప్ప పోశారా? తెరిచిన ఇంజను నోటికి గుడ్డ కప్పారా, దుమ్ము పడుతోందా? దుమ్ము కొట్టుకుపోయిన బండ్లు ఎన్ని ఉన్నాయి, ఎంత కాలంగా ఉన్నాయి? ఏళ్ల తరబడి కదలని బండ్లు నాలుగుంటే, మీది అయిదోది అవుతుంది.

రెండోది, రంగును నమ్మకండి. జేబులో చిన్న అయస్కాంతం, దాని చుట్టూ పలచని గుడ్డ తీసుకెళ్లండి. వాళ్లు బాగు చేసిన బండి తలుపుల అడుగున, మడ్‌గార్డుల అంచున ఆనించండి. రేకు ఉన్నచోట పట్టుకుంటుంది. లప్పం మందంగా ఉన్నచోట జారిపోతుంది. తుప్పు పట్టిన రేకును కోసి, కొత్త రేకు అతికేవాడు మేస్త్రీ. తుప్పు మీద లప్పం పూసేవాడు అద్దకపు పనివాడు.

మూడోది, మొదట ఏ పని చేస్తారో అడగండి. బ్రేకులు, స్టీరింగు, చాసిస్ అని చెప్పేవాడిని నమ్మవచ్చు. “రంగు ఏం వేద్దామండీ?” అని మొదలుపెట్టేవాడి దగ్గర నుంచి నమస్కారం పెట్టి వచ్చేయండి. అర్ధరాత్రి లారీల రోడ్డు మీద ప్రాణం కాపాడేది రంగు కాదు.

నాలుగోది, ఇంజను పని గురించి నాలుగు ప్రశ్నలు వేయండి. నీలం పొగ వస్తే ఆయిలు కాలుతోందని, నల్ల పొగ వస్తే ఇంధనం ఎక్కువై సరిగా మండటం లేదని అర్థం. పొగ చూడగానే “బోరు కొట్టాల్సిందే” అనేవాడు తొందరపాటువాడు. సిలిండరు ఎంత అరిగిందో కొలిచి, మీకు చూపించి చెప్పాలి. అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన 20, 30, 40 అని పెద్ద సైజు పిస్టన్లు ఉంటాయి. ఒక్కోసారి బోరు కొట్టిస్తే ఒక్కో మెట్టు ఖర్చయిపోతుంది. మెట్లు అయిపోయాక లైనరు వేయించాలి. అనవసరంగా బోరు కొట్టడమంటే బండి ఆయుష్షు కోసేయడమే.

అయిదోది కొత్తగా వచ్చిన సమస్య. ఇప్పుడు బంకుల్లో పెట్రోలుతో 20 శాతం దాకా ఇథనాలు కలిసి వస్తోంది. పాతకాలపు రబ్బరు పైపులు, కార్బురేటరులోని రబ్బరు సామాను దానికి తట్టుకోలేవు. మెత్తబడి కారతాయి. వేడి ఇంజను మీద పెట్రోలు కారితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. వీటిని మారుస్తారా అని అడగండి. ఆ ప్రశ్నకు తెల్లమొహం వేసేవాడు కాలంతో నడవని మేస్త్రీ.

కాగితం కావాలి

ఇదంతా చూశాక కూడా కాగితం లేకుండా బండి వదలకండి. ఇంజను నంబరు, చాసిస్ నంబరు, మీటరు, ఉన్న సామాను అన్నీ రాసి ఇద్దరూ సంతకాలు చేయాలి. నంబర్లకు, బండికి నాలుగు వైపులా సెల్‌ఫోనులో ఫొటోలు తీసుకోవాలి. పనిని భాగాలు చేసి, ఒక్కో భాగం పూర్తయ్యాక చూసి డబ్బు ఇవ్వాలి. లేత్ పనికి, క్రాంకు గ్రైండింగుకు బండి సామాను వేరే ఊరు వెళితే ఆ షాపు బిల్లు చూపించాలి. ముఖ్యంగా, తీసేసిన ప్రతి పాత సామాను మనకు తిరిగి ఇవ్వాలన్న షరతు రాయించాలి. విరిగినదైనా సరే, ఇవ్వాలి. ఈ ఒక్క షరతు నేను రాయించి ఉంటే మా ఇంజను పోయేది కాదు. నిజంగానే ఇంజను మార్చక తప్పకపోతే, ఆర్టీఓ కార్యాలయంలో చెప్పి ఆర్‌సీలో రాయించుకోవాలి.

మోసపోతే దారి లేకపోలేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం జిల్లా కమిషనుకు ఫిర్యాదు చేయవచ్చు. షెడ్డు ఏ ఊళ్లో ఉన్నా మనం నివసించే చోటే దాఖలు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపయితే రుసుము లేదు. వకీలు లేకుండా మనమే చెప్పుకోవచ్చు. రెండేళ్ల లోపు వెళ్లాలి. అయితే అక్కడ అడిగేది కాగితం. నా దగ్గరున్నది “ముట్టినది” అన్న తెల్ల కాగితం. దాన్ని పట్టుకుని గడప దాకా వెళ్లి తిరిగి వచ్చాను.

తప్పు ఒకవైపే లేదు

మేస్త్రీల మాట కూడా చెప్పకపోతే అన్యాయం. బండి ఇచ్చి ఏడాది దాకా మొహం చూపని ఓనర్లున్నారు. “పంట వచ్చాక ఇస్తా” అని పని చేయించుకుని, పంట వచ్చాక ఇంకో షెడ్డుకు పోయేవారున్నారు. అసలు సామాను ధర చెబితే, “ఏదో ఒకటి తక్కువలో వేయవయ్యా” అని మనమే అంటాం, ఆ తర్వాత నకిలీ సామాను వేశాడని తిడతాం. పాత ఇంజను చప్పుడు విని రోగం చెప్పగల మేస్త్రీలు మన చుట్టుపక్కల ఇంకా ఉన్నారు. వారి పిల్లలు ఆ పనిలోకి రావడం లేదు. నిజాయితీగా చేసినవాడికి నాలుగు డబ్బులు మిగలకపోతే, మిగిలేది గేటు దగ్గర తళతళలే.

అందుచేత మన పట్టణంలోని మెకానిక్కు సోదరులకు ఒక విన్నపం. ప్రతి షెడ్డులోనూ ఒక పనికార్డు పెట్టండి. బండి నంబర్లు, పని, ధర, గడువు, తీసిన సామాను అన్నీ అందులో రాసి ఒక ప్రతి ఓనరుకు ఇవ్వండి. ఒక కాగితం ఖర్చుతో మీ మాటకు విలువ పెరుగుతుంది. ఓనరు బాకీ ఎగవేస్తే మీకూ అదే సాక్ష్యం. రైతు సోదరులకు ఇంకొక విన్నపం. దూరంలోని పెద్ద బోర్డు కంటే, వారానికొకసారి వెళ్లి చూసిరాగల రేకుల షెడ్డు మేలు. కళ్లముందున్న పనిలో మోసం తక్కువ.

ఇప్పుడు మా జీపు ఆ సాహెబు గారి పంచ కిందే ఉంది. లప్పమంతా గీకేశారు. తలుపుల కింద కొత్త రేకు అతికారు. బ్రేకులు పడుతున్నాయి. మారిన ఇంజనుకు ఆర్‌సీలో అనుమతి కోసం దరఖాస్తు పెట్టాను. అసలు ఇంజను మాత్రం రాదు. మా నాన్నగారు కూడా ఇప్పుడు లేరు. ఆయన కూర్చునే ఎడమవైపు సీటు గుడ్డ మార్చమంటారా అని సాహెబు గారు మొన్న అడిగారు. వద్దన్నాను. ఆయన సరేనని, ఆ మాట కూడా కార్డులో రాసుకున్నారు.