చేవెళ్ల నుంచి పగడాల లోకానికి...

సెలవొస్తే చాలు... హైదరాబాద్ వాళ్లు మొయినాబాద్ దారి పడతారు. ఫామ్‌హౌస్‌లు, రిసార్టులు, చిలుకూరు బాలాజీ దర్శనం, చేవెళ్ల రోడ్డుమీద మర్రిచెట్ల నీడ! మరి ఆ మొయినాబాద్, చేవెళ్ల వాళ్లు సెలవులకు ఎక్కడికెళ్లాలి? పిల్లల్ని అడిగితే ఠక్కున చెప్పేస్తారు... 'సముద్రం అడుక్కి' అని!

పెద్దవాళ్ల గుండె గుభేల్‌మనడం సహజమే. ఇక్కడివాళ్లకు బాగా తెలిసిన పెద్ద నీళ్లు రెండే. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన జలాశయాలు... 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, అదే మన గండిపేట. 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్. రెండూ ఊరి దాహం తీర్చడానికే కానీ దూకి ఈదడానికి కాదు. అందుకే 'లోతు తెల్వకుండ నీళ్లల్ల దిగొద్దు బిడ్డా' అంటారు ఇంట్లో అమ్మమ్మలూ నాయనమ్మలూ. విచిత్రం ఏమిటంటే... స్కూబా డైవింగ్ నియమాలన్నిటికీ మూలం ఆ ఒక్క మాటే.

మనవాళ్లకు అనువైన చోటు అండమాన్. శంషాబాద్ నుంచి నేరుగా విమానంలో పోర్ట్‌బ్లెయిర్ చేరుకోవచ్చు. 2024లో దీని పేరు శ్రీవిజయపురంగా మారింది. తెలుగువాళ్లు బాగానే ఉన్న ఊరు కాబట్టి భాషకు ఇబ్బంది లేదు. అక్కడి నుంచి ఓడలో సుమారు రెండు గంటలు వెళ్తే స్వరాజ్ ద్వీప్. 2018 దాకా హేవ్‌లాక్ అని పిలిచింది దీన్నే. స్కూబా నేర్పే కేంద్రాలు ఇక్కడ చాలానే ఉన్నాయి. వర్షాలు తగ్గాక నవంబరు నుంచి ఏప్రిల్ వరకూ వెళ్లడం మేలు. అంత దూరం వద్దనుకుంటే విశాఖపట్నంలో రుషికొండ ఉండనే ఉంది.

ఈత రాదే... అంటారా? తొలిసారి సరదాగా చేసే డైవ్‌కి ఈత రాకపోయినా ఫర్వాలేదు. పదేళ్లు నిండిన పిల్లలూ చేయొచ్చు. శిక్షకుడు పట్టుకునే ఉంటాడు. లోతు పన్నెండు మీటర్లు మించదు. వీపున కట్టే సిలిండర్లో ఉండేది ఆక్సిజన్ అనుకుంటారు చాలామంది. కాదు, మనం రోజూ పీల్చే గాలే! దాన్ని ఒత్తిడితో కుక్కి నింపుతారు.

ఉదయాన్నే మొదటి పని ఒక ఫారం నింపడం. అసలు పరీక్ష ఇదే. ఉబ్బసం, గుండెజబ్బు, మూర్ఛ ఉన్నాయా అని అడుగుతారు. ఇంతదూరం వచ్చాం కదా అని 'లేదు' అని రాసేస్తే ప్రాణంమీదికొస్తుంది. గర్భిణులు అసలు దిగకూడదు. జలుబుతో ముక్కు బిగుసుకుపోయినా ఆ రోజుకి మానుకోవాల్సిందే.

తర్వాత నడుంలోతు నీళ్లలో పాఠాలు. ముక్కుతో కాకుండా నోటితోనే గాలి పీల్చాలి. లోపలికి దిగేకొద్దీ ముక్కు మూసి మెల్లగా గాలి ఊది చెవుల బరువు తగ్గించుకోవాలి. పది మీటర్ల లోతులో ఒత్తిడి ఒడ్డుమీద ఉన్నదానికి రెట్టింపు మరి! అన్నిటికన్నా ముఖ్యం... ఊపిరి బిగపట్టకూడదు. బిగపట్టి పైకొస్తే లోపలి గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. సైగలూ నేర్చుకోవాలి. బొటనవేలు పైకెత్తితే 'భేష్' అని కాదు, 'పైకి వెళ్దాం' అని! బాగున్నానని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి.

ఇక దిగితే... అదో లోకం. తన బుడగల చప్పుడు తప్ప మరో శబ్దం వినిపించదు. సీ ఎనిమోన్ల మధ్య దాగుడుమూతలాడే నారింజరంగు క్లౌన్ చేపలు, పగడాలను కొరికి ఇసుక చేసే చిలుకచేపలు కనువిందు చేస్తాయి. ఎరుపు మాత్రం అన్నిటికన్నా ముందు మాయమవుతుంది. లోతుకి వెళ్లాక ఎర్రచొక్కా గోధుమరంగులోకి మారిపోతుంది. పగడాలు రాళ్లు కావు, బతికున్న ప్రాణులు. తాకితే పాడవుతాయి. 2010లో సముద్రం వేడెక్కి అండమాన్‌లో ఎన్నో పగడాలు తెల్లబారిపోయాయి. గుర్తుగా ఉంటుందని చిన్న ముక్క ఏరుకున్నా వన్యప్రాణి చట్టం ప్రకారం నేరమే.

తాతయ్యలూ నానమ్మలూ ఒడ్డునే కూర్చోనక్కర్లేదు. అడుగున అద్దం ఉన్న పడవ ఎక్కితే నీళ్లు తగలకుండానే పగడాలు చూడొచ్చు. కాస్త ఓపిక ఉన్నవాళ్లకు లైఫ్‌జాకెట్‌తో నీటిపై తేలుతూ చూసే స్నార్కెలింగ్ ఉంది.

చివరగా చాలామంది చేసే పొరపాటు ఒకటి ఉంది. చూడాల్సినవన్నీ చూసేసి స్కూబాని ఆఖరి రోజుకి పెట్టుకుంటారు. పైకొచ్చిన వెంటనే విమానం ఎక్కకూడదు. నీటి ఒత్తిడికి ఒంట్లో నత్రజని కాస్త ఎక్కువగా కరిగి ఉంటుంది. విమానంలో గాలి ఒత్తిడి తగ్గితే, మూత తీసిన సోడాలోలా అది బుడగలై కీళ్లలో, నరాల్లో చేరే ప్రమాదముంది. ఒక్కసారి దిగితే కనీసం పన్నెండు గంటలు, ఎక్కువసార్లు దిగితే పద్దెనిమిది గంటలు ఆగాలి. ఒక రోజంతా ఆగితే ఇంకా మంచిది. అందుకే టిక్కెట్లు కొనేటప్పుడే స్కూబాని యాత్ర మధ్యలో పెట్టుకోవాలి.

సముద్రం అడుక్కి వెళ్లడానికి కావాల్సింది ధైర్యం ఒక్కటే కాదు, చెప్పిన మాట వినే గుణం. అది ఉన్న పిల్లలు తిరిగొచ్చి గండిపేట గట్టున నిలబడి, నాయనమ్మకి సముద్రం ముచ్చట్లు చెబుతారు. ఈసారి లోతు తెలుసుకునే దిగామని కూడా!