విత్తనపు గింజలు, తిండి గింజలు

పిల్లలూ, ఈ నెల మీకొక ప్రశ్న. ఒక రైతుకు రెండెకరాల పొలం ఉంది. ఇంకొక రైతు దగ్గర పొలం లేదుగాని, చేతిలో 10 లక్షల రూపాయలున్నాయి. ఇద్దరిలో ఎవరు నిశ్చింతగా ఉండవచ్చు? "డబ్బున్నవాడే" అని తొందరపడి చెప్పకండి. ముందు ఒక ఊరి సంగతి వినండి.

సిద్దిపేట జిల్లా తొగుట మండలంలో వేములఘాట్ అనే ఊరు ఉండేది. 50 టి.ఎం.సి.ల నీళ్లు పట్టే మల్లన్నసాగర్ జలాశయం కోసం ప్రభుత్వం ఆ ఊరినీ, చుట్టుపక్కల మరికొన్ని ఊళ్లనూ తీసుకున్నది. ఒక టి.ఎం.సి. అంటే 100 కోట్ల ఘనపుటడుగులు. భూములు వదలడం ఇష్టంలేక వేములఘాట్ రైతులు 2016 జూన్‌లో రిలే నిరాహారదీక్షలు మొదలుపెట్టి చాలాకాలం సాగించారు. చివరకు 2021లో ఊరు ఖాళీ అయింది. మరుసటి ఏడు ఫిబ్రవరిలో జలాశయం ప్రారంభమైంది. ఆ ఊరివాళ్లకు గజ్వేలు దగ్గర కొత్త కాలనీ కట్టారు. భూములకు బదులుగా నష్టపరిహారం డబ్బు ఇచ్చారు.

పొలానికీ డబ్బుకూ తేడా ఏమిటి? పొలంలో పండిన పంటంతా తిన్నా, పొలం అంగుళమైనా తరగదు. డబ్బు అట్లా కాదు, తీసినకొద్దీ తరుగుతుంది. నీళ్ల కిందికి పోయిన పొలాన్ని మళ్లీ దున్నుకోవడం కుదరదు గనక, ఆ డబ్బు అయిపోతే ఆ ఇంటికి వెనక్కు పోవడానికి చోటు లేదు.

అయితే డబ్బును కూడా పొలంలాగా చూసుకునే ఉపాయం ఒకటి ఉంది. అది రైతులందరికీ తెలిసినదే. రైతు పంట ఇంటికి రాగానే విత్తనపు గింజలు వేరుగా దాస్తాడు. ఇంట్లో తిండికి కటకటలాడినా వాటి జోలికి పోడు. డబ్బులో అసలు విత్తనపు గింజలు. వడ్డీ తిండి గింజలు.

లెక్క వేసి చూద్దాం. 10 లక్షలు ఇంట్లో పెట్టుకుని ఏడాదికి లక్ష ఖర్చు చేస్తే 10 ఏళ్లలో పెట్టె ఖాళీ. అదే డబ్బుకు ఏడాదికి నూటికి 7 రూపాయల వడ్డీ వస్తుందనుకోండి. ఏటా 70 వేలు వస్తుంది. అప్పుడు ఏడాదికి లక్ష వాడుకుంటే సుమారు 18 ఏళ్లకు అయిపోతుంది. 70 వేలే వాడుకుంటే ఎన్నేళ్లయినా అసలు అట్లాగే ఉంటుంది. కాని ధరలు ఊరుకోవు. ఏటా నూటికి 5 వంతున పెరిగితే, ఈనాడు 100 రూపాయలకు వచ్చే సరుకు 14, 15 ఏళ్లకు 200 అవుతుంది. కాబట్టి తెలివైనవాడు వడ్డీలో కూడా కొంత తీసి అసలులో కలుపుతాడు.

ఇక అప్పు సంగతి. మన ఊళ్లలో "నూటికి రెండు రూపాయల వడ్డీ" అంటారు. వినడానికి ఎంతో తక్కువ! కాని అది నెలకు. ఏడాదికి 24 రూపాయలన్నమాట. తీర్చకుండా వడ్డీ మీద వడ్డీ పడనిస్తే 3 ఏళ్లలో అప్పు రెండింతలవుతుంది. ఎక్కువ వడ్డీకి ఆశపడి అప్పిచ్చేవాళ్లకు కూడా ఒక మాట: వడ్డీ ఆశ పెరిగినకొద్దీ అసలుకు భయం పెరుగుతుంది. ఎంత దగ్గరివాళ్లకు ఇచ్చినా కాగితం రాయించుకోవాలి. అడగ్గానే ఇవ్వవలసిన ప్రామిసరీ నోటుకు, మధ్యలో ఏమీ చెల్లించకపోతే, 3 ఏళ్లకు కాలదోషం పడుతుంది.

బ్యాంకులో దాచిన డబ్బుకు 2020 నుంచి ఒక్కొక్కరికి ఒక్కొక్క బ్యాంకులో, అసలూ వడ్డీ కలిపి, 5 లక్షల వరకు బీమా ఉంది. పోస్టాఫీసులో దాచినదానికి ప్రభుత్వమే పూచీ.

దాచడమే కాదు, సంపాదన కూడా ఉండాలి గదా! సిద్దిపేట జిల్లాలోని హుస్నాబాదుకు దగ్గరలోనే ముల్కనూరు ఉంది. 1956లో అక్కడ అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డిగారి పూనికతో రైతులు ఒక సహకార సంఘం పెట్టుకున్నారు. సభ్యులు దాచిన డబ్బే సభ్యులకు అప్పుగా వెళ్లింది. వాళ్ల పంటను సంఘమే కొని అమ్మిపెట్టింది, విత్తనాలు తయారుచేసింది. ఆ తర్వాత స్త్రీలు కలిసి పాల సంఘం కూడా పెట్టుకున్నారు. ఒక్కరి దగ్గర చిన్న మొత్తంగా ఉన్న డబ్బు, పదిమంది కలిస్తే పని చేసే డబ్బు అయింది.

ఇప్పుడు మీకొక పని. ఒక చిన్న పుస్తకం కుట్టుకోండి. ఒక పక్క "విత్తనం", మరొక పక్క "తిండి" అని రాయండి. పండుగకు తాతయ్య ఇచ్చిన పది రూపాయలైనా సరే, రాగానే కొంత మొదటి పక్కన రాసి పోస్టాఫీసులో వేయించండి. మిగిలినది ఖర్చు చేసుకోండి. మీ ఇంట్లో ఏదైనా అప్పు ఉంటే, దాని వడ్డీ నెలకా, ఏడాదికా అని అమ్మానాన్నలను అడిగి, ఏడాదికి ఎంతవుతుందో మీరే లెక్క కట్టి వాళ్లకు చూపించండి. ఆ లెక్క వాళ్లకు కూడా పనికివస్తుంది.