చవకైతే ఎవరు చెల్లించాలి?

ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వల్ల పాత వాహనాలకు ముప్పేమీ లేదని నచ్చజెప్పేందుకు కేంద్ర పెట్రోలియం, సహజవాయు మంత్రిత్వ శాఖ 2025 ఆగస్టు 4న విడుదల చేసిన వివరణలో పాత బండి యజమాని చేయవలసిన పని గురించి ఒక మాట ఉంది. కొన్ని పాత వాహనాల్లో 20 వేల నుంచి 30 వేల కిలోమీటర్ల వాడకం తర్వాత కొన్ని రబ్బరు భాగాలను, గ్యాస్కెట్లను మార్చుకోమని సూచించవలసి రావచ్చునని, ఆ మార్పిడి చవకైనదని, మామూలు సర్వీసింగ్‌లోనే సులువుగా జరిగిపోతుందని ఆ మాట సారాంశం. వివరణ మొత్తంలో నిజాయితీ అత్యంత తక్కువగా ఉన్న మాట కూడా ఇదే.

ఇథనాల్ మిశ్రమం వల్ల 2014-15 నుంచి లక్షా 44 వేల కోట్ల రూపాయలకు పైగా విదేశీ మారకద్రవ్యం ఆదా అయిందని, చెరకు, మొక్కజొన్న రైతులకు కొత్త మార్కెట్ దొరికిందని, ఇథనాల్‌కు ఆక్టేన్ సంఖ్య, అంటే ఇంజన్‌లో ఒత్తిడికి లోనైనప్పుడు వేళకు ముందే అంటుకోకుండా నిలిచే శక్తి, ఎక్కువని ప్రభుత్వం చెప్పే వాదనలను తోసిపుచ్చనక్కర లేదు. అభ్యంతరం ఇథనాల్ మీద కాదు. ఇరవై శాతం మిశ్రమానికి తగిన భాగాలు వేయడం మొదలుకాకముందు, అంటే 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన కోట్లాది వాహనాల యజమానులను అడగకుండా, బంకులో వారికి మరో ఇంధనాన్ని మిగల్చకుండా, ఆ వాహనాలు చెడితే అయ్యే ఖర్చును వారి నెత్తిన వేసి, అలా వేసిన సంగతిని ‘చవక’ అనే ఒక్క మాట కింద దాచిపెట్టడం మీదనే అభ్యంతరం.

మొదట ‘కొన్ని రబ్బరు భాగాలు’ అన్న మాటను చూడాలి. ఇథనాల్ ఒక ఆల్కహాల్ కనుక గాలిలోని తేమను పీల్చుకునే గుణం, పెట్రోలుకు లొంగని కొన్ని పదార్థాలను కరిగించే గుణం దానికి ఉన్నాయి. ట్యాంకు నుంచి ఇంజన్‌కు పెట్రోలు చేరవేసే గొట్టాలు, అతుకుల వద్ద కారకుండా బిగించే ఓ-రింగులు, గ్యాస్కెట్లు ఇంత ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకుని తయారు చేయని రబ్బరుతో చేసినవైతే అవి క్రమంగా ఉబ్బుతాయి, పెళుసెక్కుతాయి, పగుళ్లు తీస్తాయి. మంత్రిత్వ శాఖ ఒప్పుకున్నది ఇంతవరకే. అయితే పీల్చుకున్న తేమ ఒక స్థాయి దాటినప్పుడు ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. ఇంధన నిపుణులు పొరలు విడిపోవడంగా వివరించే ఈ స్థితిలో ఇనుప ట్యాంకు అడుగున తుప్పు మొదలవుతుంది, ఆ అడుగు పొరే ఇంజన్‌లోకి వెళితే బండి కదలదు. ఏళ్ల తరబడి ట్యాంకు గోడలకు పట్టిన జిగురు సైతం ఇథనాల్ తాకిడికి ఊడివచ్చి ఫిల్టర్‌లో అడ్డుపడుతుంది. ట్యాంకు రబ్బరు భాగం కాదు, ఫిల్టర్ గ్యాస్కెట్ కాదు.

కార్బురేటర్ సంగతి ఇంకా స్పష్టం. గాలిని, పెట్రోలును ముందే నిర్ణయించిన పాళ్లలో కలిపి ఇంజన్‌కు పంపే ఈ పరికరమే 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 ఉద్గార ప్రమాణాలు అమల్లోకి వచ్చేదాకా దేశంలోని మామూలు మోటారు సైకిళ్లలో దాదాపు అన్నింటికీ ఉండేది. సెన్సర్ల లెక్క ప్రకారం ఇంధనాన్ని చిమ్మే ఇంజెక్షన్ పద్ధతి వాటికి ఆ తర్వాతనే వచ్చింది. ఇథనాల్ బరువులో మూడో వంతుకు పైగా ఆక్సిజనే కావడంతో, దాని పాలు పెరిగేకొద్దీ అదే గాలికి మరికొంత ఎక్కువ ఇంధనం అందవలసి ఉంటుంది. ఆక్సిజన్ సెన్సర్ ఉన్న కారు ఈ తేడాను కొంతమేర తనంతట తాను సర్దుకుంటుంది. కార్బురేటర్‌లోని జెట్, అంటే పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రం, ఏ కొలతతో తయారైందో ఆ కొలతకే పంపుతుంది. అందువల్ల ఇంజన్‌లో గాలి పాలు ఎక్కువై, పెట్రోలు పాలు తక్కువై వేడి పెరగడం, చల్లటి ఉదయాల్లో స్టార్టింగ్ మొరాయించడం జరుగుతుంది. ఎన్ని గ్యాస్కెట్లు మార్చినా ఈ లోపం పోదు.

ఇక 20 వేల నుంచి 30 వేల కిలోమీటర్లు అన్న లెక్క. రబ్బరు, ఇనుము ఇథనాల్‌కు లోనవడం చక్రాలు తిరిగిన దూరంతో మాత్రమే ముడిపడిన విషయం కాదు. ఇంధనం ఎన్ని నెలలు వాటిని అంటిపెట్టుకుని ఉంది, ఎంత తేమలో ఉంది అన్నదానితో కూడా ముడిపడిన విషయం. రోజంతా తిరిగే డెలివరీ బండిలో ట్యాంకు రెండు మూడు రోజులకోసారి ఖాళీ అవుతుంది. పదవీ విరమణ చేసిన ఉద్యోగి వారానికోసారి బయటికి తీసే స్కూటర్‌లో, కోస్తా జిల్లాల వానాకాలమంతా వరండాలో నిలిచిపోయిన మోటారు సైకిల్‌లో అదే పెట్రోలు వారాల తరబడి ఉండిపోతుంది. అలాంటి బండి ఐదు వేల కిలోమీటర్లు తిరగకుండానే పాడైతే మంత్రిత్వ శాఖ లెక్కలో ఆ నష్టానికి చోటే లేదు. వివరణలో సాక్ష్యంగా చూపిన పరీక్షల విషయమూ అంతే. కార్బురేటర్ వాహనాలను, ఇంజెక్షన్ వాహనాలను వాటి మొదటి లక్ష కిలోమీటర్లలో ప్రతి పది వేల కిలోమీటర్లకూ పరీక్షించగా చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదని ఆ వివరణ అంటోంది. మొదటి లక్ష కిలోమీటర్లు కొత్త బండి జీవితం. ముగ్గురు యజమానుల చేతులు మారి, పన్నెండేళ్లు ఎండావానల్లో నిలిచి, మీటరు తిప్పి తక్కువ చూపించారో లేదో కూడా తెలియని బండికి ఆ ఫలితం ఎలా వర్తిస్తుందో చెప్పవలసిన బాధ్యత దానిని ఉదహరించినవారిదే. తేడాయే లేనప్పుడు గ్యాస్కెట్లు మార్చుకొమ్మన్న సూచన ఎందుకన్న ప్రశ్నకూ వివరణలో జవాబు లేదు.

‘చవక’ అన్న తీర్పు దేని ఆధారంగా ఇచ్చారో అసలు తెలియదు. ఏ మోడల్‌లో ఏ భాగాలు మార్చాలి, వాటి ధర ఎంత, కూలి ఎంత అన్న జాబితా ప్రకటనలో లేదు. జాబితా లేని ఖర్చును చవక అనడం లెక్క కాదు, దబాయింపు. ఇంజెక్షన్ కార్లలో ఇంధనాన్ని తోసే పంపు ట్యాంకు లోపలే ఉంటుంది. దానిలోని ఒక చిన్న సీలు చెడినా చాలా మోడళ్లలో ఆ సీలు విడిగా దొరకదు, పంపు మొత్తం మార్చవలసిందే. అంతకన్నా మౌలికమైన చిక్కు ఒకటుంది. చెడిన గొట్టం స్థానంలో అదే పాత రకం రబ్బరు గొట్టం వేస్తే అదీ అలాగే చెడుతుంది కనుక, ఇథనాల్‌ను తట్టుకునే పదార్థంతో చేసిన భాగమే వేయాలి. తయారీ నిలిచిపోయిన పాత మోడళ్లకు అటువంటి భాగాలను ఎవరు తయారు చేస్తారు, ఎవరు పరీక్షించి ధ్రువీకరిస్తారు? 2023కు ముందు అమ్మిన ఎన్నో వాహనాల మాన్యువళ్లలో పది శాతం ఇథనాల్ వరకే వాడవచ్చునని కంపెనీలే అచ్చువేసి ఇచ్చిన మాటకు ఇప్పుడు విలువ ఉందా, లేదా? వారెంటీకి ఇబ్బంది లేదన్న భరోసా వినడానికి బాగున్నా, పదేళ్ల బండికి ఉండేది గడిచిపోయిన వారెంటీయే.

‘మామూలు సర్వీసింగ్’ అన్న మాట దేశాన్ని షోరూమ్ అద్దాల లోపలి నుంచి చూసేవారి మాట. సెకండ్ హ్యాండ్ బండి కొనేది ఎక్కువగా పాలు పోసేవారు, కూరగాయలు అమ్మేవారు, కాలేజీకి వెళ్లే విద్యార్థి, నెల జీతంతో నెట్టుకొచ్చే చిరుద్యోగి. వారి బండ్లను బాగుచేసేది కంపెనీ సర్వీస్ సెంటర్ కాదు. విజయవాడ ఆటోనగర్ నుంచి మండల కేంద్రంలోని రేకుల షెడ్డు దాకా విస్తరించిన వేలాది మంది మెకానిక్‌లు. పని చూసి నేర్చుకున్న ఈ మెకానిక్‌కు ఏ గొట్టం ఏ పదార్థంతో చేసినదో, ఏది మార్చాలో, ఏది మార్చనక్కర లేదో చెప్పే కరపత్రమైనా తెలుగులో అందలేదు. పెట్రోలు గొట్టం పగిలి వేడెక్కిన ఇంజన్ మీద చుక్కలు పడటం ప్రాణాపాయం. దాన్ని అరుగుదల లెక్కలో కలిపి తేలిగ్గా మాట్లాడటం బాధ్యత గల ప్రభుత్వానికి తగదు.

ఈ ఇబ్బందులేవీ ప్రభుత్వానికి తెలియనివి కావు. 2021 జూన్‌లో వెలువడిన నీతి ఆయోగ్ మార్గసూచీయే పాత వాహనాల రక్షణ కోసం పది శాతం మిశ్రమాన్ని అందుబాటులో ఉంచాలని చెప్పింది, మైలేజీ నష్టాన్ని పూడ్చడానికి ఇథనాల్ కలిపిన పెట్రోలు ధర తక్కువగా ఉండాలని చెప్పింది. ఇథనాల్ లేని పెట్రోలుకు రూపొంది పది శాతానికి సర్దిన కార్లలో ఇంధన సామర్థ్యం 6 నుంచి 7 శాతం పడిపోవచ్చునని అంచనా వేసిందీ ఆ పత్రమే. నాలుగేళ్లు తిరిగేసరికి మంత్రిత్వ శాఖ వివరణలో అది 3 నుంచి 6 శాతానికి దిగి, ‘స్వల్పం’ అనే విశేషణం తగిలించుకుంది. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగి, లీటరుకు 50 కిలోమీటర్లు ఇచ్చే బండికి మైలేజీ 5 శాతం తగ్గితే నెలకు అదనంగా సుమారు లీటరు పెట్రోలు, అంటే హైదరాబాద్ ధరల్లో వంద రూపాయలకు పైగా ఖర్చవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇంకాస్త ఎక్కువ. ధర ఎందుకు తగ్గించరని అడిగితే ఇథనాల్ సేకరణ ఖర్చు సగటున లీటరుకు 71 రూపాయల 32 పైసలకు చేరి, శుద్ధి చేసిన పెట్రోలును మించిందని 2025 ఆగస్టు 12న మంత్రిత్వ శాఖ నుంచి జవాబు వచ్చింది. పెట్రోలులో ఉన్న శక్తిలో మూడింట రెండు వంతులే ఉన్న ద్రవాన్ని అంతకన్నా ఎక్కువ ధరకు కొని, లీటరు లెక్కన అదే ధరకు అమ్మడం వినియోగదారుడు చేసిన నిర్ణయం కాదు.

బ్రెజిల్‌లో ఏళ్ల తరబడి 27 శాతం వాడారన్న ఉదాహరణ కూడా సగం నిజమే. అక్కడ ఇథనాల్ కార్యక్రమం 1975లో మొదలై, ఏ పాళ్లలోనైనా నడిచే ఫ్లెక్స్ ఇంధన కార్లు 2003 నుంచి అమ్ముడవుతున్నాయి. ముందు అలాంటి వాహనాలు వచ్చాయి, తర్వాతనే మిశ్రమం 27 శాతానికి చేరింది. అమెరికాలో 15 శాతం మిశ్రమాన్నే మోటారు సైకిళ్లలో, 2001కి ముందరి కార్లలో వాడటాన్ని నిషేధించి, ఆ హెచ్చరికను ఆ మిశ్రమం అమ్మే ప్రతి పంపు మీద అతికించడం తప్పనిసరి చేశారు. మన బంకుల్లో ఆ కాగితం ముక్క కూడా కరువైంది.

ఈ స్థితిలో సెకండ్ హ్యాండ్ బండి కొనేవారు ఇంజన్ శబ్దం, టైర్లు, కాగితాలు చూసి ఊరుకుంటే సరిపోదు. ఆర్‌సీలో తయారీ నెల, సంవత్సరం చూసి అది 2023 ఏప్రిల్‌కు ముందుదా, తర్వాతిదా తేల్చుకోవడం, ట్యాంకు మూత తీసి టార్చి వెలుగులో అడుగున తుప్పు ఉందేమో పరిశీలించడం, పెట్రోలు గొట్టాన్ని వేళ్లతో నొక్కి మెత్తబడిందో, పెళుసెక్కిందో గమనించడం, బండి నిలిపిన చోట పెట్రోలు వాసన వస్తే బేరం ఆపి కారణం కనుక్కోవడం అవసరం. కొన్న తర్వాత ఫిల్టర్‌నూ, పాత గొట్టాన్నీ మార్పించడం, వారాల తరబడి బండి తీయవలసిన పని లేనప్పుడు కార్బురేటర్‌లో నిలిచిన పెట్రోలును ఖాళీ చేయించడం, గాలిలోని తేమకు చోటివ్వకుండా వానాకాలంలో ట్యాంకును నిండుగా ఉంచడం కొంత నష్టాన్ని ఆపుతాయి. అయితే ఇవన్నీ పౌరుడు తన డబ్బుతో, తన సమయంతో చేసుకునే ఆత్మరక్షణ చర్యలు మాత్రమే. విధాన నిర్ణేతల బాధ్యతను ఇవి తీర్చవు.

ఇథనాల్ లేని పెట్రోలును కూడా అందుబాటులో ఉంచాలన్న వ్యాజ్యాన్ని 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు కొట్టివేసినంత మాత్రాన ప్రభుత్వ వివరణలోని లోపం సరిదిద్దినట్లు కాదు. ఇథనాల్ లేని పెట్రోలుకు తిరిగి వెళితే సాధించిన ప్రయోజనాలు పోతాయని మంత్రిత్వ శాఖ వాదిస్తోంది. అంతదూరం వెళ్లనక్కర లేదు. నీతి ఆయోగ్ చెప్పినట్లు పది శాతం మిశ్రమాన్ని ప్రతి పట్టణంలో, ప్రతి మండలంలో కనీసం ఒక్క బంకులోనైనా ఉంచితే చాలు. ప్రతి పంపు మీద మిశ్రమం శాతాన్ని తెలుగుతో సహా స్థానిక భాషల్లో రాయించాలి. 2023కు ముందు అమ్మిన ప్రతి మోడల్‌కూ ఏ భాగాలు మార్చాలో, వాటి ధరలు ఎంతో కంపెనీల చేత మూడు నెలల్లో బహిరంగంగా ప్రకటింపజేసి, ఆ భాగాలను ఉచితంగా మార్చే ఏర్పాటు చేయాలి. మంత్రిత్వ శాఖ మాట ప్రకారం ఆ ఖర్చు చవకైనదే కనుక, దాన్ని భరించడానికి లక్షా 44 వేల కోట్లు ఆదా చేశామంటున్న ప్రభుత్వం వెనుకాడవలసిన పని లేదు.