చీకటి పొదుపు కాదు



ఈ మధ్య చిలకలూరిపేట, మార్టూరు నడుమ గల ఒక పల్లెలో, పాత పరిచయమున్న కౌలు రైతు ఇంటికి సాయంకాలం వెళ్ళాను. పొద్దు గుంకినా ఇంట్లో బల్బు వెలగలేదు. కరెంటు పోయిందేమోనని అడిగాను. "లేదు డాక్టరు గారూ, చీకటి పడగానే మేమే మెయిన్ కట్టేస్తున్నాం. రెండు నెలలుగా ఇంతే. మిర్చి ధర చూశారు గదా, ఎక్కడో ఒకచోట మిగుల్చుకోవాలి" అన్నాడాయన. పక్కనున్న ఊరి పెద్ద ఒకరు, "మన తాతలు కరెంటుతోనే బతికారా ఏం?" అంటూ మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలును ఖండించడానికే ఈ నాలుగు మాటలు.

ఆ కుటుంబాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. 1987 ప్రాంతంలో తెల్లదోమ విజృంభించి పత్తి పంట నాశనమైనప్పుడు, ప్రకాశం, గుంటూరు జిల్లాల రైతులు ప్రాణాలు తీసుకున్న రోజులలో నేను యువ వైద్యుణ్ణి. 2025 ఆరంభంలో మిర్చి ధర పడిపోయి, కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించవలసి వచ్చిన సంగతి మీరెరిగినదే. అప్పు మెడ మీద ఉన్నవాడు పైసా పైసా లెక్కపెట్టుకోవడం సహజం. నా అభ్యంతరమల్లా ఆ లెక్క మీదనే.

ఆ లెక్క ఇప్పుడు మనమూ వేసి చూద్దాం. 9 వాట్ల ఎల్ఈడీ బల్బు రోజుకు 10 గంటలు వెలిగితే నెలకు అయ్యేది 2.7 యూనిట్లు. 2022-23లో మన రాష్ట్రంలో నిర్ణయించిన గృహ ధరల ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు, ఆపైన 75 వరకు 3 రూపాయలు. పై ధరే కట్టినా ఒక బల్బుకు నెలకు 8 రూపాయల 10 పైసలు, రెండు బల్బులకు 16 రూపాయల 20 పైసలు. సర్దుబాటు ఛార్జీలు కలిపినా 30 రూపాయలు దాటదు. మెయిన్ కట్టేసినంత మాత్రాన స్థిర ఛార్జీ ఎలాగూ పోదు. రెండు లక్షల అప్పుకు నూటికి రెండు రూపాయల చొప్పున నెలకు 4,000 రూపాయల వడ్డీ అవుతుంది. ఆ వడ్డీ ముందు ఈ ముప్పై రూపాయలు ఏ మూలకు? ఒకప్పటి 60 వాట్ల బల్బుల కాలం నాటి పొదుపు ఇది. 2014-15లో గుంటూరు జిల్లాలోనే ఎల్ఈడీ బల్బును 10 రూపాయలకు ఇంటింటికీ ఇచ్చిన సంగతి కూడా మరచిపోయాం.

ఇక ఆ చీకటికి మనం చెల్లించే మూల్యమెంతో వినండి.

మెయిన్ కట్టేస్తే బల్బుతో పాటు ఫ్యాను కూడా ఆగుతుంది. ఉక్కకు తాళలేక పిల్లలతో సహా ఇంటిల్లిపాదీ వాకిట్లో నేల మీద పడుకుంటారు. మనది నల్లరేగడి భూమి, ఎండాకాలం నెర్రెలు విచ్చుతుంది. ఇంట్లోని గింజల కోసం ఎలుకలు వస్తాయి, ఎలుకల కోసం పాములు వస్తాయి. వీటిలో కట్లపాము రాత్రిపూట తిరిగేది, నేల మీద నిద్రించేవారిని కాటు వేసేది. దాని కాటు చాలాసార్లు నొప్పి పెట్టదు, వాపు రాదు, గాటు కూడా కనబడదు.

నేను పల్లెటూరి ఆసుపత్రిలో పనిచేసిన తొలి సంవత్సరాలలో ఒక తెల్లవారుజామున పాతికేళ్ళ తల్లిని బండి మీద తెచ్చారు. కడుపునొప్పి అన్నారు. కనురెప్పలు వాలిపోతున్నాయి, మాట ముద్దగా వస్తున్నది. నేల మీద పడుకున్నదని, ఇంట్లో దీపం లేదని విన్న తరువాత గాని నాకు విషయం బోధపడలేదు. అప్పటికే ఆలస్యమైంది. శ్వాస నిలిపే యంత్రం మా దగ్గర లేదు. ఆమె చంటిబిడ్డ ఏడుపు నాకు ఇప్పటికీ వినబడుతుంది.

మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షల మంది, అంటే ఏటా సగటున 58 వేల మంది మరణించారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. అత్యధికులు పల్లెవాసులే. తాతలు కరెంటు లేకుండా బతికారంటున్నాం. బతికినవారే గదా మనకు తాతలయ్యారు! చీకట్లో పోయినవారిని ఎవరు లెక్కించారు?

పాము ఒక్కటే కాదు. ఆ ఇంట్లో వసారా నిండా పత్తి మూటలు, వాటికి మూరెడు దూరంలో నూనె దీపం! ఒక్క నిప్పురవ్వ చాలదా? గూట్లో దగ్గు మందు సీసా పక్కనే పురుగుమందు సీసా! తడుముకుని తాగితే ఏమవుతుందో నేను చెప్పనక్కరలేదు. మసక వెలుతురులో చదివితే పిల్లల చూపు పోతుందని మాత్రం మిమ్మల్ని భయపెట్టను, అది నిజం కాదు. కాని కళ్ళు అలసిన పిల్లవాడు పుస్తకం మూసేస్తాడు. అది చిన్న నష్టమా?

కాబట్టి నా విన్నపం ఇది. టీవీ తగ్గించండి, పెళ్ళిలో సీరియల్ సెట్లు తగ్గించండి, వాకిట్లో, దొడ్డి దారిలో వెలిగే బల్బును మాత్రం ఆర్పకండి. మంచం మీద పడుకోండి, దోమతెర అంచులు పరుపు కిందికి దోపండి. రాత్రి కాలు కింద పెట్టేముందు టార్చి వేయండి. తెల్లవారుజామున కారణం తెలియని కడుపునొప్పి, కనురెప్పలు వాలడం కనిపిస్తే కట్లపామును అనుమానించి వెంటనే 108కి ఫోను చేయండి. గాటు కోయవద్దు, నోటితో పీల్చవద్దు, తాడు బిగించవద్దు, మంత్రగాడి దగ్గర గడియ కూడా వృథా చేయవద్దు. పాము విషానికి విరుగుడు మందు ఆసుపత్రిలోనే ఉంటుంది.

కర్నూలు వైపు నుంచి మిరప కోతలకు కూలీలను పిలిపించే రైతు సోదరులకు ఒక మాట. వారి గుడారాల దగ్గర ఒక సోలార్ దీపమైనా పెట్టించండి. వారికి చీకటి పొదుపు కూడా కాదు, మనం విధించిన శిక్ష. బకాయి పడిందని పేదవాడి ఇంటి తీగ కత్తిరించే అధికారులు కూడా, కనీసం ఒక బల్బుకు సరిపడా వెలుగును ప్రాణరక్షణగా భావించాలి.

ఆ రోజు నేను లేచి వచ్చేముందు ఆ రైతు చేత కాగితం మీద ఈ లెక్క వేయించాను. కాసేపు మౌనంగా ఉండి, "ముప్పై రూపాయలేనా అండీ?" అని లేచి వెళ్ళి మెయిన్ వేశాడు. ఈ రాత్రి మీ ఊళ్ళో చీకటిగా ఉన్న ఇల్లు కనబడితే, వారి పొదుపును మెచ్చుకోకండి. వెళ్ళి ఈ లెక్క చెప్పండి.